షంట్ ఆపరేషన్ అయిన అమ్మానాన్నలను ఇంట్లో ఎలా చూసుకోవాలి?

మెదడులో నీరు చేరి, ఆ నీటిని పొట్టలోకి దింపే గొట్టం, అంటే షంట్, వేయించుకున్న పెద్దవాళ్లను ఇళ్లకు వెళ్లి నడిపించడం నా పని. పసిపిల్లలకు వేసే షంట్ సంగతి వేరు, ఇక్కడ దాని జోలికి పోను. నడక తడబడి, మూత్రం ఆగక, మతిమరుపు మొదలై, చీటీ మీద ఎన్‌పీహెచ్ (నార్మల్ ప్రెజర్ హైడ్రోకెఫలస్) అని రాయించుకున్న అరవై దాటినవాళ్ల కోసమే ఇది. ఆపరేషన్ బాగానే జరుగుతుంది. నేను చూసిన ఇళ్లలో తేడా కొట్టేది ఎక్కువగా ఇంటికొచ్చాకే.

ఇంటికి తెచ్చేముందు

బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ, వెస్టర్న్ కమోడ్ లేకపోతే కమోడ్ కుర్చీ, మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు, రాత్రికి చిన్న లైటు. గుమ్మాల దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టాలు తీసేయండి. హాస్పిటల్ మంచం అద్దెకు తేవద్దు. అది ఇంట్లోకి వచ్చిందంటే మనిషి దాని మీద నుంచి లేవడు.

డిశ్చార్జి రోజు మాత్రం షంట్ కార్డు అడిగి తీసుకోండి. ఏ కంపెనీ, ఏ మోడల్, ఎంత ప్రెజర్ దగ్గర నీరు వదులుతుంది, ఎప్పుడు వేశారు అన్నది అందులో ఉండాలి. చాబ్రా షంట్ లాంటివాటిలో లో, మీడియం, హై అని ప్రెజర్ ముందే ఫిక్సయి ఉంటుంది. ఖరీదైన ప్రోగ్రామబుల్ రకాన్ని బయటినుంచే అయస్కాంతంతో మారుస్తారు. అందుకే ఆ రకం ఉన్నవాళ్లకు ఎంఆర్ఐ తీస్తే తర్వాత సెట్టింగ్ మళ్లీ చూపించుకోవాలి. ఊళ్లలో ఉచిత డెమో అని పిలిచి కూర్చోబెట్టే మాగ్నెటిక్ పరుపులు, బెల్టుల దగ్గరికి అసలు వెళ్లనివ్వకండి.

కుట్లు, తల

తలమీద, పొట్టమీద ఉండే కుట్లకు పసుపు, కొబ్బరినూనె ఏదీ రాయకూడదు. తలస్నానం డాక్టర్ ఒప్పుకున్నాకే. చెవి వెనక చర్మం కింద బొడిపెలా తగిలేది వాల్వు, నీరు ఎంత దిగాలో అదుపు చేసేది అదే. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ దాన్ని నొక్కి చూడటం ఏమిటో నాకు అర్థం కాదు. తిరుపతి మొక్కు ఉంటే ఉండనివ్వండి, దేవుడు తొందరపెట్టడు. వాల్వు మీద చర్మం పల్చగా ఉంటుంది, అక్కడ కత్తి గాటు పడితే ఇన్ఫెక్షన్ లోపలిదాకా పోతుంది. సర్జన్ సరేనన్నాకే తలనీలాలు.

మలబద్ధకం రానివ్వకండి. గొట్టం రెండో కొస పొట్టలోనే ఉంది. అక్కడ ఒత్తిడి పెరిగితే పైనుంచి నీరు సరిగా దిగదు.

లేపడం, నడిపించడం

పడుకున్నవాళ్లను ఒక్కసారిగా నిలబెట్టకండి. ముందు కూర్చోబెట్టి, కాసేపు ఆగి, తల తిరగడం లేదన్నాకే లేపండి. ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టి లాగుతారు చాలామంది. అలా లాగితే ఒళ్లు ముందుకొస్తుంది, పాదాలు వెనకే ఉండిపోతాయి. పక్కన, అర అడుగు వెనగ్గా నిలబడండి. అడుగు పడకపోతే నేల మీద రంగు టేపు అడ్డగీతలుగా అంటించి, గీత దాటమనండి. తిరిగేటప్పుడు ఉన్నచోటే గిర్రున కాకుండా, కారు మలుపు తీసుకున్నట్టు వెడల్పుగా తిప్పండి.

అసలు కష్టమైన పని: మార్పు పసిగట్టడం

ఇక్కడే అందరూ దెబ్బతింటారు. షంట్ మూసుకుపోతే పెద్ద తలనొప్పి, వాంతులు వస్తాయని డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. వస్తే అది ఎమర్జెన్సీయే, సందేహం లేదు. కానీ ఈ వయసువాళ్లలో చాలాసార్లు అంత హడావిడి ఉండదు. బాగుపడిన నడక మళ్లీ మెల్లగా నెమ్మదిస్తుంది. మానేసిన డైపరు మళ్లీ కావాల్సొస్తుంది. ఇంట్లోవాళ్లేమో "వయసు మీద పడుతోంది కదండీ" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నిన్నమొన్నటిదాకా నడిచిన మనిషికి వారంలో వయసు మీద పడదు.

అందుకే కొలవాలి. చేతుల కుర్చీ ఒకటి ఎంచుకోండి. అక్కడినుంచి మూడు మీటర్ల దూరంలో గీత గీయండి. కుర్చీలోంచి లేచి, గీత దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. మలుపు దగ్గర ఎన్ని అడుగులు వేశారో కూడా రాయండి. ఆస్పత్రిలో మేం చేసే పరీక్షే ఇది. వారానికి రెండుసార్లు చాలు. అదే కుర్చీ, అవే చెప్పులు, అదే వేళ, చూసేది ఒకే మనిషి. ఇవాళ కొడుకు, రేపు కోడలు చూస్తే ఆ లెక్క పనికిరాదు. ఫోన్ యాప్‌లు వద్దు, నోటుపుస్తకమే. డాక్టరు ముందు తెరిచి పెట్టగలిగేది అదే.

తలనొప్పి అంటే వెంటనే బిళ్ల ఇవ్వకండి. ఎప్పుడు వస్తోందో అడగండి. లేచి కూర్చుంటే వచ్చి, పడుకుంటే తగ్గుతోందంటే నీరు ఎక్కువగా దిగిపోతోందేమో. ఆ రోజే ఫోన్ చేయాలి. పడుకున్నప్పుడు, తెల్లవారుజామున ఎక్కువవుతూ మగతగా ఉంటే షంట్ మూసుకుందేమో. ఆస్పత్రికి బయల్దేరండి. లేపినా లేవకపోతే 108.

పడిపోతే, దెబ్బ కనపడకపోయినా డాక్టరుకు చెప్పాలి. నీరు తగ్గి జాగా పెరిగిన తలలో రక్తం మెల్లగా చేరి, వారాల తర్వాత బయటపడవచ్చు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడేవాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఆపరేషన్‌కి ఆపిన ఆ మందులను ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్, గుండె డాక్టర్ కలిసి చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి మొదలుపెట్టకూడదు.

జ్వరం, కుట్ల దగ్గర చెమ్మ, మెడమీదుగా గొట్టం వెళ్లే దారిలో ఎరుపు, కడుపునొప్పి: వీటిలో ఏది కనపడినా పారాసిటమాల్ వేసి రేపటిదాకా చూద్దాం అనుకోవద్దు. అలాగని ప్రతి గందరగోళానికీ షంటే కారణం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం కూడా ముసలివాళ్లను అలాగే చేస్తాయి. ఏది కారణమో తేల్చేది డాక్టరు. మార్పు చూసి చెప్పాల్సింది మీరు.

మతిమరుపు విషయంలో తొందరపడకండి. ముందు నడక మెరుగవుతుంది, జ్ఞాపకశక్తికి నెలలు పట్టొచ్చు, పూర్తిగా రాకపోవచ్చు కూడా. "నేనెవరో చెప్పు" అని రోజూ పరీక్ష పెట్టే కొడుకుల్ని చూశాను. ఆ టెన్షన్‌కి తెలిసిన పేరు కూడా నోటికి రాదు.

ఆపరేషన్ తర్వాత తీసిన సీటీ ఫిల్మ్, షంట్ కార్డు, నోటుపుస్తకం ఒకే కవర్లో పెట్టి బీరువాలో కాకుండా తలుపు పక్కన తగిలించండి. కొత్త సీటీలో మార్పు ఉందా లేదా అన్నది పాతదానితో పోల్చే చెప్తారు. అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఉండే డ్యూటీ డాక్టరుకు మీ నాన్నగారి తల ముందు ఎలా ఉండేదో తెలియదు కదా.