అక్టోబర్‌లో మోటార్‌హోమ్‌తో బ్లాక్ ఫారెస్ట్‌కి వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇది చదవండి

జర్మనీలో స్టుట్‌గార్ట్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఉండే మనవాళ్ళు మోటార్‌హోమ్ (లోపలే వండుకుని పడుకునే బండి) అద్దెకి తీసుకుని అక్కడి బ్లాక్ ఫారెస్ట్ అడవి కొండలకి వెళ్దామనుకుంటే అందరూ రూట్ గురించే అడుగుతారు, బండి గురించి అడగరు. నాకు భయం బండితోనే.

ముందు బరువు. మామూలు కారు లైసెన్సు, అంటే బి లైసెన్సుతో 3,500 కిలోల బండి వరకే నడపొచ్చు, అది మనుషులు, సామాను, నీళ్ళు అన్నీ కలిపిన లెక్క. ట్యాంకులో 100 లీటర్ల నీళ్ళు అంటే 100 కిలోలు, అందుకే కొంచెమే నింపుకుని వెళ్ళి మిగతాది అక్కడ పట్టుకోండి. బండి ఎత్తు దాదాపు 3 మీటర్లు ఉంటుంది, సరిగ్గా ఎంతో కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. షిల్టాఖ్ లాంటి పాత ఊళ్ళ సందుల్లోకి బండి పోనివ్వకండి, బయటే ఆపి నడవండి.

గ్యాస్ విషయంలో మాత్రం దయచేసి అశ్రద్ధ చేయకండి. చలిగా ఉందని కిటికీలన్నీ మూసి అన్నం వండటం, పొయ్యి వెలిగించి వెచ్చగా కూర్చోవడం, నేల మీదా పైకప్పులోనూ ఉన్న గాలి కంతల్లో గుడ్డలు కుక్కడం, ఈ మూడూ ప్రాణం మీదకి తెచ్చేవే, ఎందుకంటే మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలో అసలు తెలియదు. దాన్ని పసిగట్టే అలారం బండిలో పెట్టుకోండి. సిలిండర్‌లో ప్రొపేన్ ఉందా అని అడగండి, బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది, అర్ధరాత్రి హీటర్ ఆగిపోతుంది. హీటర్ ఆపేసి పడుకుంటే చాలా బండ్లలో 3 డిగ్రీల దగ్గర వాల్వు తెరుచుకుని బాయిలర్ నీళ్ళు బయటికి పోతాయి, అది లీకు కాదు, టెన్షన్ పడకండి.

బాడెన్ బాడెన్ నుంచి ఫ్రాయిడెన్‌స్టాట్‌కి వెళ్ళే బి500 రోడ్డు కొన్నిచోట్ల 1,000 మీటర్ల ఎత్తు దాటుతుంది, మంచు పడొచ్చు. టైర్ల మీద కొండ, మంచు రేకు గుర్తు ఉందో లేదో చూడండి, 2024 అక్టోబర్ నుంచి ఉత్త ఎం+ఎస్ (మట్టి, మంచు అని అర్థం) అని ఉంటే చలికాలం టైరుగా లెక్కలోకి రాదు. అక్టోబర్ చివరి ఆదివారం గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది, సాయంత్రం 5 దాటగానే పొద్దు గూకుతుంది, జింకలు రోడ్డు దాటేదీ అప్పుడే. ఎదురొస్తే స్టీరింగ్ తిప్పకుండా బ్రేక్ వేయండి, ఒకటి దాటితే వెనక ఇంకోటి ఉంటుంది.

అడవిలో నడిచొచ్చాక పిల్లల మోకాళ్ళ వెనక, చెవుల వెనక గోమార్లు ఉన్నాయేమో వెతకండి. దారిలో తెల్ల శిలువ, నంబరు ఉన్న ఆకుపచ్చ బోర్డు కనిపిస్తే ఫోటో తీసి ఉంచుకోండి, ఎమర్జెన్సీ నంబర్ 112కి ఫోన్ చేసినప్పుడు ఆ నంబరు చెప్తే మీరెక్కడున్నారో వాళ్ళకి తెలుస్తుంది.