పాత చైన్ సా: బాగు చేయించాలా, వదిలేయాలా?

చెట్లు కోసే పాత చైన్ సా మిషన్ చేతికి రాగానే అందరూ ముందు కార్బరేటర్ విప్పుతారు. తర్వాత ప్లగ్ మారుస్తారు, సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి కొత్త చైను, అది తిరిగే బారు తెస్తారు. ఇంత ఖర్చూ అయ్యాక ఇంజిన్ సీజ్ అవుతుంది. దయచేసి ఈ వరుస మార్చండి. రూపాయి పెట్టే ముందు సైలెన్సర్ విప్పండి. విప్పాల్సింది కొన్ని బోల్టులే. ఆ రంధ్రంలోకి టార్చి వేసి, స్టార్టర్ తాడు మెల్లగా లాగుతూ పిస్టన్ చూడండి. ఇది చూడకుండా "కొనొచ్చా?" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు.

తాడు తేలిగ్గా వచ్చేస్తోంది, స్టార్ట్ కావడం లేదు

పిస్టన్ మీద నిలువు గీతలు కనిపిస్తే కారణం దొరికినట్టే. గీతలు లేకపోతే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, కొలవండి. 120 పీఎస్ఐ పైన ఉంటే నిశ్చింత. 90 లోపు ఉంటే రింగులైనా పోయాయి, సిలిండరైనా అరిగింది. రింగులు సైజు చూసి వెతికితే దొరకొచ్చు. సిలిండర్ లోపలి పూత లేచిపోయి, ఆ మోడల్‌కు విడిభాగాలు రావడం ఆగిపోయి ఉంటే అక్కడితో వదిలేయండి.

చల్లగా ఉన్నప్పుడు బాగానే నడుస్తుంది, వేడెక్కాక ఆగిపోతుంది. లేదా ఐడిల్‌లో ఉన్నట్టుండి రేస్ అవుతుంది

అసలు మోసం ఇక్కడే. కంప్రెషన్ బాగుంటుంది, స్పార్క్ బాగుంటుంది. అందుకే అందరూ కార్బరేటర్‌ను అనుమానిస్తారు. కిట్ వేసి, స్క్రూలు తిప్పి తిప్పి ఎలాగో నడిపిస్తారు. నాలుగు దుంగలు కోసేసరికి పిస్టన్ పట్టేస్తుంది.

చాలాసార్లు కారణం క్రాంక్ సీలు, అంటే ఇంజిన్ షాఫ్ట్ చుట్టూ గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్ పైకి వెళ్లినప్పుడు దాని కింద ఉన్న క్రాంక్‌కేస్ గదిలో వాక్యూమ్ ఏర్పడి పెట్రోల్, గాలి మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న మిషన్‌లో సీలు రబ్బరు గట్టిపడి ఉంటుంది. దాని అంచు నుంచి కూడా గాలి దూరుతుంది. మిశ్రమం పలచబడుతుంది, దాంతోపాటు పిస్టన్‌కు అందే ఆయిల్ కూడా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. టూ స్ట్రోక్ ఆర్‌ఎక్స్ 100 బండ్లు విప్పిన పాత మెకానిక్‌లకు ఈ జబ్బు బాగా తెలుసు. మన ఊళ్లో అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు, అడగండి.

దీన్ని పట్టుకోవాలంటే కార్బరేటర్, సైలెన్సర్ తీసి ఆ రెండు దారులనూ సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి మూయండి. క్రాంక్‌కేస్ నుంచి కార్బరేటర్‌కు వెళ్లే సన్నటి ఇంపల్స్ రంధ్రం కూడా మూయాలి. పిస్టన్ కిందికి దించి, ప్లగ్ రంధ్రం ద్వారా సుమారు 7 పీఎస్ఐ గాలి ఎక్కించండి. గేజ్ ముల్లు అరనిమిషం నిలవాలి. పడిపోతుంటే సబ్బు నీళ్లు రాయండి, బుడగలు లీకు ఎక్కడో చూపిస్తాయి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆపకండి! లోపలి ఒత్తిడి సీలు అంచును షాఫ్ట్‌కు ఇంకా గట్టిగా అదుముతుంది కాబట్టి అరిగిన సీలు కూడా ఈ పరీక్ష పాసవుతుంది. వాక్యూమ్‌లో అదే అంచు పైకి లేస్తుంది. బ్రేక్ ఆయిల్ లాగే హ్యాండ్ పంపుతో అంతే వాక్యూమ్ పెట్టి మళ్లీ చూడండి. ప్రెజర్ నిలిచి వాక్యూమ్ పడిపోతే దాదాపు సీలే.

సీలు మార్చడం పెద్ద ఖర్చు కాదు. చాలా సీళ్ల మీద కొలతలు ఉంటాయి, ఆయిల్ సీల్ షాపులో చూపిస్తే సైజు కలిపి ఇస్తారు. ఒక సీలు ఫ్లైవీల్ వెనక, రెండోది క్లచ్ వెనక ఉంటాయి. క్లచ్‌కు చాలా మోడళ్లలో ఉల్టా థ్రెడ్, బలవంతంగా తిప్పి విరగ్గొట్టకండి. కొత్త సీలు వేసే ముందు షాఫ్ట్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఆట ఉంటే బేరింగ్ పోయినట్టు. అది మార్చకుండా వేసిన సీలు నిలవదు. బేరింగ్ కోసం ఇంజిన్ రెండు ముక్కలుగా విప్పాలి, కాబట్టి ఖర్చు ఎంతవుతుందో అడిగి అప్పుడు నిర్ణయించుకోండి.

పెట్రోల్ అందడం లేదు

పెట్రోల్ పైపు, ఫిల్టర్, కార్బరేటర్‌లోని డయాఫ్రమ్ (పలచటి పొర) మూడూ మార్చేయండి, ఆలోచించక్కర్లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు దాన్ని తట్టుకోదు. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి.

స్పార్క్ లేకపోతే, పాయింట్లు (స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్) ఉన్న మోడలైతే వాటిని శుభ్రం చేయండి, చాలాసార్లు అదే సరిపోతుంది. కేసింగ్ పగలడం అరుదు. కేసింగ్ పగిలితే మాత్రం వెల్డింగ్ జోలికి వెళ్లొద్దు.

ఇక చివరి ప్రశ్న, దాన్ని దేనికి వాడతారు? చాలా పాత మోడళ్లకు చైన్ బ్రేక్ ఉండదు. బారు ఎగిరి వెనక్కి తన్నితే చైను ఆగదు. ఇంజిన్ ఎంత బాగున్నా అలాంటి మిషన్‌తో చెట్లు కొట్టొద్దు, కూలీ చేతికి అసలే ఇవ్వొద్దు. తాతగారి గుర్తుగా నడిపి చూసుకోవడానికైతే సీళ్లు వేయించండి. కోతకైతే ఆ డబ్బుతో బ్రేక్ ఉన్న మిషన్ కొనండి.