వెనక హౌజింగ్ మార్చాక సరైన ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎంచుకోవడం ఎలా?

మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే పికప్పులకు, పాలమూరు పల్లెల్లో తిరిగే పాత జీపులకు వెనక చక్రాలను తిప్పే పళ్ల జత, అంటే క్రౌన్ (పెద్దది), దాన్ని తిప్పే పినియన్ (చిన్నది) పోతే, పాత సామాన్ల దుకాణం నుంచి అవి ఉండే ఇరుసు పెట్టె, అంటే వెనక హౌజింగ్ మొత్తం తెచ్చి బిగించడం మామూలే. అందులో తప్పేం లేదు. చిక్కంతా గేర్‌బాక్స్ తిప్పుడును వెనక హౌజింగ్‌కు అందించే గొట్టం, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గరే. హౌజింగ్‌తో వచ్చిన షాఫ్ట్‌కు నాలుగు బోల్టులు పడితే చాలు, ఎక్కించి పంపేస్తారు. బండి నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి వేగం అందుకోగానే కింద నుంచి మోత మొదలవుతుంది. అలాగే నడిపితే షాఫ్ట్ చివర కీలులా మెదిలే క్రాసో, గేర్‌బాక్స్ వెనక ఆయిల్ సీలో పోతుంది.

అందుకే షాఫ్ట్ కొనడం, కోయించడం అన్నిటికంటే చివర పెట్టుకోండి. హౌజింగ్ తన చోట కూర్చుని, బండి బరువు టైర్ల మీద పడి, పినియన్ కోణం కుదిరాకే టేపు పట్టాలి.

1. రేషియో తెలుసుకోండి

చక్రాలు ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో అదే రేషియో. హౌజింగ్ బిగించకముందే ఈ పని తేలిక. పినియన్ ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే బిళ్ల) మీద చాక్‌పీస్‌తో గీత పెట్టండి. ఒక డ్రమ్మును కదలకుండా ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు రెండో డ్రమ్మును సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చేది) అయితే ఆ గీత ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. పక్కాగా కావాలంటే పళ్లు లెక్కపెట్టాలి. క్రౌన్‌కు 41, పినియన్‌కు 10 ఉంటే 4.1. 39కి 8 ఉంటే 4.875.

షాఫ్ట్‌కు ఈ లెక్కతో పనేమిటంటే, దాని వేగం దీని మీదే ఉంటుంది. టైరు ఒక చుట్టుకు 2.2 మీటర్లు పోతుందనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో 4.1 రేషియోకు షాఫ్ట్ నిమిషానికి సుమారు 2,485 చుట్లు తిరుగుతుంది, 4.875కు సుమారు 2,955. పొడవాటి సన్న గొట్టం ఒక వేగం దాటితే మధ్యలో వంగి ఊగడం మొదలవుతుంది. పొడుగు బండ్లకు షాఫ్ట్‌ను రెండు ముక్కలు చేసి మధ్యలో సెంటర్ బేరింగ్ పెట్టేది అందుకే. ఖర్చు కలిసొస్తుందని ఆ బేరింగ్ తీసేసి ఒకే గొట్టం వేయించకండి.

జీపు ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు, వెనక రేషియోలు ఒకటే ఉండాలి. తేడా ఉంటే ఆ హౌజింగ్ వద్దు. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేస్తే, ముందు వెనక ఇరుసులకు తిప్పుడు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతింటుంది.

2. ఫ్లాంజ్, క్రాస్ సరిచూడండి

బోల్టు రంధ్రాల మధ్య దూరం, బోల్టు మందం, ఫ్లాంజ్ మధ్యలో ఉండే గట్టు కొలవండి. క్రాస్ అయితే దాని చివర్లకు తొడిగిన కప్పు వ్యాసం, ఒక కప్పు చివర నుంచి ఎదుటి కప్పు చివర దాకా పొడవు వెర్నియర్‌తో చూడండి. కొలత కలవకపోతే రంధ్రాలు పెద్దవి చేయించకండి. రెండు సైజులు కలిపిన క్రాస్ దొరికితే అదే మేలు. పినియన్ ఫ్లాంజే మార్చాల్సి వస్తే, నట్టు విప్పాక లోపలి బేరింగ్ టైట్ మళ్లీ సరిచూడాలి.

3. కోణం కుదర్చండి

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. బండిని చదునైన నేల మీద, బరువు టైర్ల మీదే ఉంచి నిలపండి. కోణం చూపే మొబైల్ యాప్ చాలు. గేర్‌బాక్స్ ఫ్లాంజ్ ముఖం మీద, పినియన్ ఫ్లాంజ్ ముఖం మీద ఫోన్ ఆనించి రెండూ రాసుకోండి. రెండు చివర్లా మామూలు క్రాస్ ఉన్న షాఫ్ట్‌కు ఆ రెండు ముఖాలూ సమాంతరంగా ఉండాలి. గేర్‌బాక్స్ వెనక వైపు 3 డిగ్రీలు కిందికి వాలితే, పినియన్ మూతి 3 డిగ్రీలు పైకి చూడాలి. నడుమ షాఫ్ట్ 5 డిగ్రీలు వాలి ఉంటే ఒక్కో క్రాస్ దగ్గర పడేది 2 డిగ్రీలే. రోడ్డు బండికి ఇది 3 డిగ్రీలు దాటకపోవడం మంచిది.

అలాగని సున్నా కూడా పనికిరాదు. క్రాస్ కప్పుల్లోని సూది బేరింగులు కాస్తయినా కదలాలి, లేదంటే ఒకేచోట నొక్కుకుని గుంటలు పడతాయి. కనీసం అర డిగ్రీ ఉండాలి.

కమాన్ పట్టీల బండికి ఇంకో సంగతి ఉంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పినియన్ మూతి పైకి లేస్తుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు తగ్గించే పెట్టాలి. పట్టీలు కూర్చునే ప్యాడ్లకు ముందు చిన్న టాకాలే వేయించి, కోణం చూసుకున్నాకే పూర్తి వెల్డింగ్ చేయించండి.

4. పొడవు కొలవండి

ముందు టైర్లకు రాళ్లు పెట్టండి. షాఫ్ట్ విప్పిన బండిని గేరు ఆపదు. గేర్‌బాక్స్ వెనకే హ్యాండ్ బ్రేక్ ఉండే పాత జీపుల్లో అదీ పనిచేయదు.

రెండు ఫ్లాంజ్ ముఖాల మధ్య దూరం ఖాళీ బండికి ఒకసారి, మీరు రోజూ వేసే లోడు పెట్టి ఇంకోసారి కొలవండి. ఇది చాలామంది చేయరు, లోడు బండికి మాత్రం తప్పనిసరి. బస్తాలు పడి పట్టీలు కిందికి అణిగితే హౌజింగ్ పైకీ వెనక్కీ కదులుతుంది, దూరం మారుతుంది. స్లిప్ యోక్ (షాఫ్ట్ పొడవు సర్దుకునేలా లోపలికీ బయటికీ జారే ముక్క) పూర్తిగా లోపలికి నెట్టిన స్థితి నుంచి కనీసం 25 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి, లోడులో కూడా తగలకూడదు. ఆ తర్వాత ఛాసిస్‌ను జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, హౌజింగ్‌ను వేలాడనివ్వండి. అప్పుడు యోక్ పళ్లు బయటికి జారిపోకుండా బాగా లోపలే ఉండాలి.

5. లేతు దగ్గర

క్రాస్‌లను పట్టుకునే రెండు చివర్ల యోక్‌లూ ఒకే గీతలో ఉండాలి. స్లిప్ యోక్ జారే స్ప్లైన్ (గాడి పళ్లు) ఒక్క పన్ను తప్పి ఎక్కించినా వణుకు వస్తుంది, అందుకే విప్పేముందే పెయింట్ గుర్తు పెట్టండి. గొట్టం కోసి వెల్డ్ చేశాక బ్యాలెన్సింగ్ తప్పనిసరి. మీ ఊళ్లో ఆ మిషన్ లేకపోతే హైదరాబాద్ ఆటోనగర్ దాకా పంపినా నష్టం లేదు.

ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. వేరే మోడల్ హౌజింగ్ అయితే ముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి.

6. నడిపి చూడండి

గ్రీజు కొట్టి, ఖాళీ రోడ్డు మీద వేగం మెల్లగా పెంచండి. ఏ గేరులో ఉన్నా ఒకే వేగం దగ్గర వణుకు వస్తే బ్యాలెన్సింగ్ చూడాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చి, వదిలితే పోతే పినియన్ కోణం మళ్లీ కొలవాలి. మోత లేకున్నా 500 కిలోమీటర్లు తిరిగాక పట్టీలను హౌజింగ్‌కు బిగించే యూ బోల్టులు, ఫ్లాంజ్ బోల్టులు ఇంకోసారి టైట్ చేయించండి. వేడి తగిలి, బరువు పడ్డాక అవి కాస్త వదులవుతాయి.