పాత అంబాసిడర్ సీటు: కుంగినా, వాసన వచ్చినా, పొడి రాలినా ఎక్కడ వెతకాలి

జులైలో నాలుగు రోజులు ముసురు పట్టి వదిలాక కారు తలుపు తీయగానే తడి గోనెసంచి వాసన గుప్పుమందా? అయితే సీట్లు కుట్టే షాపుకి వెళ్లే ముందు ఇది చదవండి. మన కోనసీమలో పాత కారు సీటు పైనుంచి పాడవదు, కిందనుంచి పాడవుతుంది. పైన చిరిగిన రెగ్జిన్ కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్ని మార్చేస్తాం. కింద స్పాంజికీ స్ప్రింగులకీ మధ్య తడిసిన గోనె, తుప్పు పట్టిన స్ప్రింగులు అలాగే ఉండిపోతాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి కొత్త స్పాంజి కూడా పాతదాని దారే పడుతుంది.

మా ఇంట్లో ఉన్నది 1984 అంబాసిడర్, మార్క్ 4. ముందు కూడా బెంచీ సీటే. దాని సీట్లు ఇప్పటికి మూడుసార్లు విప్పాం. మొదటి రెండుసార్లు చేసిన పొరపాట్ల వల్ల తెలిసిందే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, ప్రీమియర్ పద్మిని అంతకంటే ముందే ఆగింది. సీటు ఫ్రేము ఒకసారి తుప్పు తినేసిందంటే అలాంటిది ఇంకొకటి వెతుక్కోవడం చాలా కష్టం. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

సమస్య: వాన పడ్డాక వాసన, సీటు కింద చెమ్మ

దీనికి స్పాంజి మార్చడం మందు కాదు. మూడోసారి సీట్లు పట్టుకెళ్లినప్పుడు కుషన్ వర్క్స్ మేస్త్రి గారు టేపు కూడా బయటికి తీయకుండా, "స్పాంజి సంగతి తర్వాతండి. ముందు నీళ్లెక్కడ్నుంచి వస్తున్నాయో చూసుకుని రండి, ఆయ్" అన్నారు. ఆయన డబ్బు వదులుకుని చెప్పిన మాట అది.

చూసే పద్ధతి ఇది. ముందు సీటు, వెనక సీటు కుషన్ రెండూ బయట పెట్టండి. ముందు సీటు పట్టాల మీద బోల్టులతో ఉంటుంది. బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే ముందురోజు రాత్రే నూనె పోసి వదిలేయండి. మ్యాట్లు, వాటి కింద ఉండే జనపనార పట్టా తీసేసి నేలంతా పాత న్యూస్ పేపర్లు పరవండి. ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి. ఇంకొకరు పైపుతో సన్నగా నీళ్లు పట్టాలి. కిందనుంచి మొదలుపెట్టి పైకి రావాలి: ముందు తలుపుల కింది అంచు, తర్వాత తలుపు అద్దం, ఆ తర్వాత ముందు అద్దం, చివరికి టాపు. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లకీ జారి, ఎక్కడ కారుతోందో తేలదు. ఒక్కోచోట ఐదు నిమిషాలైనా ఆగండి. పేపరు ఎక్కడ ముందు తడిస్తే దానికి కాస్త పైన వెతకండి.

ఎక్కువసార్లు దొరికే దొంగ తలుపే. అద్దం పక్కనుంచి తలుపు లోపలికి కొంచెం నీళ్లు దిగడం మామూలే. తలుపు కింది అంచులో వాటికోసమే చిన్న రంధ్రాలు ఉంటాయి. కొబ్బరిచెట్టు కిందో మామిడిచెట్టు కిందో నిలిపే కారుకి పూత, ఆకుల పొడి, మట్టి కలిసి ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడు నీళ్లు తలుపులో నిండి లోపలి అట్ట మీదుగా నేల మీదికి పొర్లుతాయి. మా కారుకి డ్రైవరు పక్క తలుపులో కొబ్బరి ఈనె గుచ్చగానే నల్లటి నీళ్లు ధారకట్టాయి, ఆగడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ నీళ్లన్నీ ఏళ్ల తరబడి సీటు కిందికే పోయాయని అప్పుడు అర్థమైంది. ఏటా మృగశిర కార్తె రాకముందే ఆ రంధ్రాల్లో ఈనె పెట్టి తిప్పండి. ఖర్చు లేదు, ఐదు నిమిషాల పని.

రెండోది ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు. అది ఎండకి రాయిలా గట్టిపడి మూలల్లో వదిలేస్తుంది. సిలికాన్ పూస్తే ఆ ఏడాదికి ఆగుతుంది గాని, లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది. బీడింగు మార్చడమే మంచిది. మూడోది నేల రేకులో తుప్పు కన్నాలు. అవి టింకరింగ్ పని. సీట్లు బయట ఉన్నప్పుడే ఆ పని కూడా చేయించేయండి. స్పాంజి, రెగ్జిన్ కారులో ఉండగా మాత్రం వెల్డింగ్ పెట్టనివ్వకండి.

గోదావరి వరద నీళ్లు సీటు దాకా వచ్చిన కారైతే లెక్క వేరు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు లంక గ్రామాల్లో ఎన్ని బళ్లు మునిగాయో మనకు తెలుసు. వరద నీళ్లు తాగిన స్పాంజిని ఎంత ఎండబెట్టినా లోపల ఒండ్రు ఉండిపోతుంది. మళ్లీ చెమ్మ తగలగానే వాసన లేస్తుంది. దాన్ని ఉంచుకోవద్దు. కవరు, స్పాంజి, గోనె అన్నీ తీసేసి ఫ్రేము ఒక్కటి కడిగి ఎండబెట్టుకోండి.

సమస్య: సీటు కింద పసుపు పొడి

స్పాంజి ఆయుష్షు తీరిపోయిందని అర్థం. గాలిలో చెమ్మ, వేడి కలిసి ఏళ్ల మీద స్పాంజిని లోపలే విరగ్గొడతాయి. వేళ్లతో నలిపితే పాత బిస్కెట్టులా పొడి అయిపోతుంది. పైన కొత్త పొర వేసి కప్పేయడం వల్ల లాభం లేదు, కింది పొర పొడి అవుతున్న కొద్దీ పైది కుంగుతుంది. మొత్తం తీసేయాల్సిందే. తీసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ పొడి దగ్గు తెప్పిస్తుంది.

సమస్య: ఒక పక్క కుంగడం, తొడకింద ఏదో గుచ్చుకోవడం

డ్రైవరు కూర్చునే చోటే ముందు వస్తుంది. స్పాంజి అరిగిందనుకుంటారు. నిజానికి స్పాంజికీ స్ప్రింగులకీ మధ్య ఉండే గోనెపట్ట చిరిగి ఉంటుంది. గోనె పోయాక ప్రతి గతుకుకీ స్ప్రింగు స్పాంజిని కొరుకుతుంది. సీటు తిరగేసి కిందనుంచి చూడండి. స్ప్రింగుల మధ్య స్పాంజి బుడిపెల్లా కిందికి వేలాడుతుంటే కారణం అదే.

ముందు కవరు విప్పాలి. అంచుల్లో సి ఆకారంలో ఇనప రింగులు ఉంటాయి, కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి తీయండి. కవరు లోపలి మడతల్లో దూర్చిన తీగలు ఉంటాయి, వాటిని పారేయకండి. కవరుని సీటుకి లాగి పట్టేది ఆ తీగలే. విప్పుతూ ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి. కవరు ముక్కల మీద సుద్దతో నంబర్లు వేయండి. కొత్త కవరుకి పాతదే కొలత, అందుకని కొత్తది సీటు మీద ఎక్కేదాకా పాతది ఇంట్లోనే ఉండాలి.

స్ప్రింగులు, ఫ్రేము వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ పూత కొట్టి, పైన ఎనామిల్ పెయింటు వేయండి. సముద్రం దగ్గర ఊళ్లలో, రాజోలు, అంతర్వేది వైపు, ఉప్పుగాలికి రెడ్ ఆక్సైడ్ ఒక్కటే చాలదు. విరిగిన స్ప్రింగుని తీగతో కట్టి సరిపెట్టకండి. ఆ తీగ కొసే రేపు రెగ్జిన్ చీల్చుకుని పైకి వస్తుంది. పాత సీట్లలోంచి మంచి స్ప్రింగు తెచ్చి వేయమనండి. పెయింటు పూర్తిగా ఆరాక స్ప్రింగుల మీద కొత్త గోనె పరిచి, దబ్బనంతో, నైలాన్ పురికొసతో ఫ్రేముకి గట్టిగా కుట్టాలి. గమ్ముతో అంటిస్తే ఆగదు.

గోనె మీద నేరుగా స్పాంజి పెట్టకుండా ఒక అంగుళం కాయిర్ షీటు వేయడం నాకు బాగా నచ్చిన పద్ధతి. కొబ్బరి పీచుని రబ్బరు పాలతో పట్టించి తయారుచేసేదే ఆ షీటు. వెనకటి కార్ల సీట్లలో విరివిగా వాడేవారు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి ఇంత దగ్గరలో ఉండి మన పీచుని మనం మరిచిపోవడం బాధనిపిస్తుంది. దానిలోంచి గాలి ఆడుతుంది, స్ప్రింగు దాన్ని త్వరగా కొరకలేదు, పైనున్న స్పాంజికి సమానమైన ఆసరా ఇస్తుంది. ఒక్కటే షరతు: నీళ్లు నిలిస్తే అదీ కుళ్లుతుంది. అందుకే నీళ్ల సంగతి ముందు పెట్టాను.

ఏ స్పాంజి, ఎంత మందం

షాపులో వేలితో నొక్కి "గట్టిగా ఉంది, మంచిదే" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. గట్టిదనం వేరు, డెన్సిటీ వేరు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు స్పాంజి ఎన్ని కిలోలు తూగుతుందన్నది. కూర్చునే కుషన్‌కి 40 డెన్సిటీ అడగండి. వీపు భాగానికి 28 నుంచి 32 చాలు. చెప్పింది ఇచ్చారో లేదో తూకం చెబుతుంది. 50 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 10 మందం ఉన్న ముక్కని కిరాణా కాటా మీద పెట్టండి. 40 డెన్సిటీ అయితే సరిగ్గా కిలో దగ్గర ఆగాలి. అరకిలో చూపిస్తే అది 20 డెన్సిటీ. ఆరు నెలలకే పల్లం పడుతుంది. రంగురంగుల తునకలు కలిపి అచ్చుపోసిన స్పాంజి బరువుగానే ఉంటుంది గాని, సోఫాలకి సరే, కారుకి నేను వేయించను. రాయిలా ఉంటుంది, తడిస్తే ఒక పట్టాన ఆరదు.

మందం విషయంలో మాకు బాగా దెబ్బ తగిలింది. రెండోసారి ఒక షాపులో పాత స్పాంజి తీయకుండా దాని మీదే నాలుగంగుళాలది పెట్టి కవరు తొడిగేశారు. చూడ్డానికి పెళ్లికారులా మెరిసిపోయింది. నాన్నగారు నడిపితే తల టాపుకి ఆనేది, స్టీరింగు తొడలకి రాసుకునేది. రెండు గంటలు వంగి నడిపి ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసింది. మళ్లీ మొత్తం విప్పించాం. కాబట్టి సీటు విప్పకముందే, ఎవరూ ఎక్కువగా కూర్చోని చివర, నేల నుంచి సీటు పైఅంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. కాయిర్, స్పాంజి కలిపి ఆ ఎత్తుని మించకూడదు.

సమస్య: కొత్త కవరు మీద ముడతలు

స్పాంజిని ఫ్రేము కొలతకి సరిగ్గా కోస్తే ముడతలు తప్పవు. చుట్టూ అర అంగుళం పెద్దగా కోయాలి. కవరు దాన్ని నొక్కి పట్టినప్పుడే పైన బిగువుగా ఉంటుంది. అప్పటికీ మూలల్లో వదులుంటే అక్కడ పల్చటి పాలిస్టర్ దూది పొర వేయించండి. కవరు తొడిగే పని ఎండలో పెట్టుకోండి. రెగ్జిన్‌ని అరగంట ఎండలో పరిస్తే మెత్తబడి లాగినట్టు సాగుతుంది. ముసురు రోజుల్లో తొడిగితే బిగువు రాదు. సంక్రాంతి వెళ్లాక ఉగాది లోపు ఈ పని పెట్టుకుంటే గమ్ము, పెయింటు కూడా బాగా ఆరతాయి.

కవరు సులువుగా జారడానికి కొందరు స్పాంజి మీద పాలిథీన్ కాగితం వేసి అలాగే వదిలేస్తారు. మన ఉక్కపోతలో చెమ్మ అక్కడే చిక్కుకుని బూజు పడుతుంది. తొడిగాక దాన్ని లాగేయమని దగ్గరుండి చెప్పండి. కొత్త సీట్ల మీద వచ్చే ప్లాస్టిక్ తొడుగులు నెలల తరబడి ఉంచుకోవడం కూడా ఇలాంటిదే.

సమస్య: కుట్టు దగ్గర చిరగడం

నూలు దారమైతే చెమటకి, చెమ్మకి కుళ్లుతుంది. పాలిస్టర్ గాని నైలాన్ గాని మందపాటి దారం కావాలి. రెండో కారణం చాలామందికి తట్టదు. కుట్లు మరీ దగ్గరదగ్గరగా వేస్తే రెగ్జిన్ మీద సూది రంధ్రాలు వరుసకట్టి, పోస్టల్ స్టాంపు అంచులా అక్కడే చిరుగుతుంది. కుట్టు కుట్టుకీ నాలుగైదు మిల్లీమీటర్లు ఉండాలి. అంచులో అర అంగుళం గుడ్డ మిగలాలి. రెగ్జిన్ కొనేటప్పుడు తిరగేసి చూడండి. వెనక అల్లిక గుడ్డ ఉన్నది సాగుతుంది, మన్నుతుంది.

సమస్య: గతుకుల్లో కిచకిచ శబ్దం

స్ప్రింగు ఫ్రేముకి రాసుకునే చోట పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి, ఆగిపోతుంది. నూనె పోస్తే గోనె నూనె పీల్చుకుని మట్టి పడుతుంది. సీటంతా అటూ ఇటూ కదులుతూ శబ్దం చేస్తుంటే మాత్రం అది పట్టాల బోల్టుల వదులు. దాన్ని వాయిదా వేయకండి. బ్రేకు వేసినప్పుడు మనిషిని ఆపి పట్టేది ఆ బోల్టులే.

సమస్య: రెగ్జిన్ జిగటగా మారడం, పగుళ్లు

రెగ్జిన్‌ని మెత్తగా ఉంచే పదార్థం ఎండకి మెల్లగా బయటికి వచ్చేస్తుంది. అందుకే ముందు జిగట, తర్వాత పగుళ్లు. థిన్నర్‌తోనో పెట్రోలుతోనో తుడిస్తే ఇంకా త్వరగా పోతుంది. కొబ్బరినూనె రాస్తే ఒకరోజు మెరుస్తుంది, తర్వాత దుమ్ము పట్టి ముక్క వాసన వేస్తుంది. సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడవండి, చాలు. పగుళ్లు వచ్చేసిన రెగ్జిన్‌కి మాత్రం మార్చడం తప్ప దారి లేదు. అప్పుడు కూర్చునే నడిమి భాగానికి గుడ్డ, చుట్టూ పక్కలకి రెగ్జిన్ వేయించి చూడండి. మేం మూడోసారి అలాగే వేయించాం. రోహిణి కార్తెలో రావులపాలెం నుంచి రాజమండ్రి వెళ్లి దిగినా నాన్నగారి చొక్కా వీపుకి అంటుకోవడం లేదు.