తెచ్చుకున్న కుర్ర కుక్క అల్లరి చేస్తే ఏం చూడాలి, అల్లరి మానేస్తే ఏం చూడాలి

ఏడాది లోపు వయసున్న నాటు కుక్కనో క్రాస్ కుక్కనో షెల్టర్ నుంచి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు నన్ను మొదట అడిగేది దాని అల్లరి ఎలా తగ్గించాలని. అది చెబుతాను, పెద్ద కష్టమేం కాదు. కానీ మూడో వారానికి వచ్చి "మావాడు బుద్ధిమంతుడైపోయాడండి, ఓ మూల పడుకుంటున్నాడు, పిలిస్తేనే లేస్తున్నాడు" అని సంబరంగా చెబుతుంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. కుర్ర కుక్కకి నాలుగు రోజుల్లో బుద్ధి రాదు. చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో పిడుదులున్నాయేమో చూశారా అని అడుగుతాను. చూడరు. తిండి మార్చి చూస్తారు, టానిక్ పట్టిస్తారు, దిష్టి కూడా తీస్తారు, చెవి మడిచి మాత్రం చూడరు.

రేబిస్ టీకా, మిగతా టీకాలు, నట్టల మందు అయిపోయాయనే అనుకుని రాస్తున్నాను. కాకపోతే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చూడండి.

సమస్య: చేతులు కొరుకుతోంది, చెప్పులు నమిలేస్తోంది, సాయంత్రమైతే ఇల్లంతా పరుగులు

పగలంతా గొలుసుకి కట్టేసి సాయంత్రం పావుగంట విప్పితే ఏ కుర్ర కుక్కైనా ఇదే చేస్తుంది. పొద్దున్నే ఎండెక్కకముందు కాలవగట్టు మీద అరగంట, చీకటి పడే వేళకి ఇంకో అరగంట నడిపించండి. నడిపించేటప్పుడు లాక్కుపోకండి, ఎక్కడ వాసన చూడాలనుకుంటే అక్కడ ఆగనివ్వండి, ఉత్త నడక కన్నా వాసన చూడటంలోనే దానికి ఎక్కువ అలసట వస్తుంది. రెండో కారణం నిద్ర చాలకపోవడం. ఈ వయసు కుక్క రోజులో సగానికి పైగా నిద్రపోవాలి. పిల్లలు స్కూలు నుంచి వచ్చి అదేపనిగా ఆడిస్తుంటే, నిద్రొస్తున్నా పడుకోని పసిపిల్లలు మారాం చేసినట్టు అది కొరకడం మొదలుపెడుతుంది. దాన్ని చూసి ఇంకా ఒంట్లో బలం ఉందనుకుని ఇంకా పరిగెత్తిస్తారు. ఆట ఆపి, ఫ్యాను కింద చీకటి గదిలో పడుకోబెట్టండి.

నమలడానికి కొబ్బరి డొక్క ఇవ్వకండి. కోనసీమలో పెరట్లో గుట్టలు ఉంటాయి కాబట్టి ఓ ముక్క పడేస్తారు. ఆ పీచు మింగితే పేగుల్లో ఉండకట్టి ఆపరేషన్ దాకా తెచ్చే ప్రమాదం ఉంది.

సమస్య: గేటు తీస్తే చాలు, పరుగు

మీ ఇల్లు తన ఇల్లని తెలియడానికి కుక్కకి వారాలు పడుతుంది, అప్పటిదాకా బయట విప్పకండి. మెడ బెల్టు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. లారీ హారన్‌కి బెదిరి వెనక్కి లాక్కుంటే బెల్టులోంచి తల జారిపోతుంది. ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ కొని తాడు దానికి తగిలించండి. కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు దిగే రోజుల్లో మరీ జాగ్రత్త. బాతుని పట్టిన కుక్కని ఊళ్ళో ఎవరూ క్షమించరు, మీరు డబ్బు కట్టినా సరే.

సమస్య: నాలుగు రోజులుగా నెమ్మదించింది, అన్నం వాసన చూసి వదిలేస్తోంది

అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే.

ఇంట్లోవాళ్ళు ముందు ఎండ అనుకుంటారు, తర్వాత బెంగ అనుకుంటారు. బెంగ ఉంటుంది, నిజమే, అయితే అది వచ్చిన కొత్తలో. ఇల్లంతా తిరిగి, అందరితో కలిసిపోయి, మీ మంచం ఎక్కడం కూడా నేర్చుకున్న కుక్కకి మూడో వారంలో కొత్తగా బెంగ ఎందుకు వస్తుంది? అక్కడ అనుమానించాల్సింది పిడుదుల జ్వరాన్ని.

గోధుమ రంగు కుక్క పిడుదు రక్తం తాగుతూ ఎర్లీషియా అనే బ్యాక్టీరియాని కుక్క ఒంట్లోకి వదులుతుంది. అది తెల్ల రక్తకణాల్లో చేరి పెరుగుతుంది, రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కుట్టిన సుమారు ఒకటి నుంచి మూడు వారాలకి జ్వరం బయటపడుతుంది. అంటే షెల్టర్‌లో బయల్దేరే ముందు కుట్టిందనుకోండి, మీ ఇంట్లో కుదురుకునే సమయానికే జబ్బు పైకి వస్తుంది. అల్లరి తగ్గడమూ జబ్బు రావడమూ ఒకేసారి జరగడంతో అలవాటు పడిందిలే అని ఊరుకుంటారు. షెల్టర్ వాళ్ళని తిట్టి లాభం లేదు, అన్ని కుక్కలు ఒకచోట ఉన్నప్పుడు ఎంత శుభ్రం చేసినా పిడుదులు ఉంటాయి. కొన్ని కుక్కల్లో అయితే మొదటి జ్వరం ఎవరి కంటా పడకుండా పోయి, నెలల తరబడి లోపలే దాగి ఉంటుంది. నాటు కుక్కకి ఏ రోగమూ రాదన్న మాట దయచేసి నమ్మకండి, పిడుదుకి జాతితో పనిలేదు.

చూడటానికి పది నిమిషాలు చాలు. వెలుతురులో కూర్చుని చెవి వెనక్కి మడవండి, లోపలి ముడతల్లో వేలితో తడమండి. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు బూడిద రంగులో గట్టిగా తగులుతుంది, చాలాసార్లు దాని పక్కనే చదునుగా, చిన్నగా, గోధుమ రంగులో మగది అంటుకుని ఉంటుంది. ఆ చిన్నదాన్ని చాలామంది వదిలేస్తారు. తర్వాత బెల్టు కింద మెడ చుట్టూ, చంకల్లో, కాలివేళ్ళ మధ్య, తోక మొదట్లో. దొరికితే చర్మానికి ఆనించి ట్వీజర్‌తో పట్టుకుని నిదానంగా, తిప్పకుండా, నిటారుగా లాగి సబ్బునీళ్ళలో వెయ్యండి. గోళ్ళతో నొక్కి చంపొద్దు, కిరసనాయిలు పొయ్యొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. గేదెలకి వాడే పిడుదుల మందు పాకలో ఉంది కదా అని కుక్కకి పూయొద్దు, కొలత తెలియకుండా పూస్తే, కుక్క దాన్ని నాకితే, ప్రాణం మీదికి వస్తుంది.

ఒంటి మీద పిడుదు కనిపించలేదంటే జ్వరం లేదని కాదు. అది తాగాల్సింది తాగి రాలిపోయి ఉంటుంది. కాబట్టి థర్మామీటర్ పెట్టాలి. ముక్కు తడిగా ఉంది కాబట్టి జ్వరం లేదని చెప్పేవాళ్ళు ఊరికొకరు ఉంటారు, ముక్కుతో జ్వరం తెలియదు. ఒక డిజిటల్ థర్మామీటర్ కుక్క కోసం విడిగా ఉంచండి, కొనకి కాస్త కొబ్బరినూనె రాసి మలద్వారంలో కొద్దిగా పెట్టి, మోగేదాకా ఉంచండి. 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ వరకు కుక్కకి మామూలే, మన 98.6తో పోల్చి కంగారు పడకండి. నీడలో పడుకుని ఉన్న కుక్కకి 103 దాటితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి.

ఇంకో రెండు చూడండి. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోట రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగు రావాలి. పొట్ట కింద, తొడల లోపల, చెవుల్లో సన్నటి ఎర్రచుక్కలు ఉన్నాయా? వాటిని దోమకాట్లని వదిలేస్తారు, మన వైపు దోమలకి కొదవ లేదు కాబట్టి. దోమకాటు ఉబ్బుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గి చర్మం కింద చిమ్మిన రక్తం ఉబ్బదు, నొక్కినా రంగు మారదు. ముక్కు నుంచి రక్తం వచ్చే దాకా ఆగితే ఆలస్యమైనట్టే.

డాక్టర్ దగ్గర రక్త పరీక్ష అడగండి, ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో కాగితం మీద తీసుకోండి. ఎర్లీషియా అయితే సాధారణంగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తారు, బరువుని బట్టి మోతాదు, 28 రోజులు. మాత్ర పెరుగన్నంలో కలపొద్దు, పాలతో ఇవ్వొద్దు, వాటిలోని కాల్షియం మందుని సరిగ్గా ఒంటపట్టనివ్వదు. ఉడికించిన గుడ్డు ముక్కలో పెట్టి మింగించి, వెంటనే కొంచెం అన్నమో నీళ్ళో పట్టించండి, మాత్ర గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది. మనం వేసుకునే జ్వరం మాత్రలు, నొప్పుల మాత్రలు మాత్రం సొంతంగా వెయ్యకండి. వాటిలో కొన్ని కుక్క కడుపులో రక్తస్రావం తెస్తాయి, అసలే ప్లేట్‌లెట్లు లేని ఒళ్ళది.

సమస్య: మందు వాడాం, తగ్గింది, రెండు నెలలకి మళ్ళీ అదే

మొదటి కారణం మీకే తెలుసు. మందు పడ్డ రెండు మూడు రోజుల్లో కుక్క లేచి గెంతుతుంది, వారం తిరిగేసరికి ఇంట్లోవాళ్ళు స్ట్రిప్ పక్కన పెట్టేస్తారు. 28 రోజులంటే 28 రోజులే.

రెండో కారణం నన్ను బాగా తిప్పలు పెట్టింది. పాలకొల్లు వైపు ఒక పెంకుటిల్లు, చాలా శ్రద్ధగల మనుషులు, మందు ఒక్క పూట కూడా తప్పలేదు, కుక్కకి వారం వారం స్నానం. అయినా జ్వరం తిరగబెట్టింది. పక్కింటి గేదెల పాక నుంచి పిడుదులు వస్తున్నాయని వాళ్ళ నమ్మకం, ఇరుగుపొరుగుకి మాటలు కూడా లేకుండా పోయాయి. గేదెలకి పట్టే పిడుదులు చాలావరకు వేరే జాతి. కుక్క పడుకునే గుమ్మం దగ్గర, ద్వారబంధానికీ గోడకీ మధ్య పగులులో సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే లోపల వరసగా పిడుదులు. కొన్ని అప్పటికే గోడెక్కి వాసాల దగ్గరికి పోతున్నాయి.

ఈ పిడుదు కుక్క మీదే కాపురం ఉండదు. పిల్లగా ఒకసారి, కాస్త పెరిగాక ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి కుక్క మీదికెక్కి రక్తం తాగుతుంది, ప్రతిసారీ దిగి పగుళ్ళలో దాక్కుంటుంది. ఆడది ఒక్కసారే వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పెద్దవి తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. మన వేడికి, తేమకి ఏడాది పొడుగునా వాటికి మంచి కాలమే. కాబట్టి మీరు కుక్క ఒంటి మీద ఏరి పారేస్తున్నవి కొన్నే, మిగతావన్నీ ఇంట్లో ఉన్నాయి.

చేయాల్సింది రెండు పనులు, ఒకేసారి. కుక్కకి డాక్టర్‌ని అడిగి పిడుదుల్ని చంపే నమిలే మాత్ర మొదలుపెట్టండి. నెలకొకసారి ఇచ్చేవి, సుమారు మూడు నెలలకొకసారి ఇచ్చేవి ఉన్నాయి, బరువుని బట్టి వస్తాయి, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన కుక్క అయితే ముందే చెప్పాలి. రెండోది ఇల్లు. కుక్క పడుకున్న గోనెసంచులు ఉతకడం దండగ, తగలబెట్టండి. అరుగు కింద, మంచం కోళ్ళ దగ్గర, ద్వారబంధాల వెనక, గోడ మీద పైదాకా మందు కొట్టించండి, ఆరేవరకు కుక్కనీ పిల్లల్నీ లోపలికి రానివ్వకండి. పగుళ్ళు సిమెంటుతో పూడ్చండి. గుడ్ల మీద మందు సరిగా పనిచేయదు, అవి పొదిగాక పిల్లలు బయటికొస్తాయి కాబట్టి కొన్ని వారాల తర్వాత మళ్ళీ కొట్టించాలి. పెరట్లో గోడకి ఆనించి పేర్చిన కొబ్బరి మట్టలు తీసేయండి. ఇంట్లో పిల్లి ఉంటే మందు కొట్టేవాడికి ముందే చెప్పండి, కుక్కకి పరవాలేదన్న మందుల్లో కొన్ని పిల్లిని చంపేస్తాయి.

అరుదైనవి

మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే అది ఎర్ర రక్తకణాల్ని పాడుచేసే బబీసియా అనే పరాన్నజీవి కావచ్చు, అదీ పిడుదు వల్లే, కానీ మందు వేరు, పాత చీటీ పట్టుకుని షాపుకి వెళ్ళకండి. కళ్ళు పచ్చబడితే ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు ఉందేమో డాక్టర్ చూస్తారు. వరి చేలల్లో ఎలుకల మందు పెట్టే రోజుల్లో కుక్క తప్పించుకుని తిరిగొచ్చి, కొన్ని రోజులకి ముక్కు నుంచో చిగుళ్ళ నుంచో రక్తం వస్తే, పిడుదుల జ్వరమే అనుకుని కూర్చోకండి, చేలోకి వెళ్ళిన సంగతి డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి, రక్తం కారేలా చేసే ఆ రకం ఎలుకల మందుకి విరుగుడు ఉంది. చిగుళ్ళు పాలిపోయి కుక్క లేవలేకపోతుంటే మీ ఊరి పశువుల ఆసుపత్రిలో చూపించి, అక్కడ కుదరదంటే గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పాత రక్త పరీక్ష కాగితాలు, వాడిన మందుల స్ట్రిప్పులు వెంట ఉంచుకోండి.