ఐరన్ రిపోర్టులో టీఐబీసీ, ట్రాన్స్‌ఫెరిన్ అంకెలను చదవడం ఎలా?

ఐరన్ పరీక్షల రిపోర్టు చేతికి వచ్చినప్పుడు చాలామందిని తికమక పెట్టేది టీఐబీసీ అనే వరుస. సీరం ఐరన్ తక్కువగా ఉందని ఒక వరుస చెబుతుంది. టీఐబీసీ ఎక్కువగా ఉందని దాని కిందనే మరో వరుస చెబుతుంది. ఒకే రక్తంలో ఇనుము తక్కువగానూ ఎక్కువగానూ ఎలా ఉంటుందన్న సందేహం రావడం సహజం. నిజానికి టీఐబీసీ ఇనుమును కొలవదు, ఇనుమును మోయడానికి రక్తంలో మొత్తం ఎంత చోటు ఉందో కొలుస్తుంది. ఈ తేడా మనసుకు పట్టాక మిగిలిన రిపోర్టు చదవడం కష్టం కాదు.

ఇనుము రక్తంలో విడిగా తిరిగితే కణాలను దెబ్బతీసే రసాయన చర్యలకు కారణమవుతుంది. అందువల్ల కాలేయం తయారుచేసే ఒక ప్రోటీన్ దాన్ని పట్టుకుని ఎముక మజ్జకు, ఇతర కణజాలాలకు చేరుస్తుంది. అదే ట్రాన్స్‌ఫెరిన్. ఒక్కో అణువులో రెండు ఇనుము పరమాణువులకు చోటుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఈ చోట్లలో ఇంచుమించు మూడో వంతు మాత్రమే నిండి, మిగతావి ఖాళీగా ఉంటాయి. పెద్దవారి శరీరంలో మొత్తం ఇనుము 3 నుంచి 4 గ్రాములు కాగా, ఏ క్షణంలో చూసినా ట్రాన్స్‌ఫెరిన్ మీద ఉండేది 3 నుంచి 4 మిల్లీగ్రాములే, అంటే సుమారు వెయ్యో వంతు. ఆ కొద్దిపాటి ఇనుమే రోజులో అనేకసార్లు ఎక్కి దిగుతూ రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల రవాణాకు సరిపోతుంది. దీనిలో అధిక భాగం దాదాపు 120 రోజుల ఆయుష్షు తీరిన ఎర్ర రక్తకణాలను ప్లీహంలోనూ కాలేయంలోనూ ఉండే కణాలు విడగొట్టినప్పుడు తిరిగి వచ్చేది. ఆహారం నుంచి కొత్తగా చేరేది రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు మాత్రమే. ఇంత చిన్న మొత్తం ఇంత వేగంగా మారుతూ ఉంటుంది కనుక, సీరం ఐరన్ ఒక్కటే చేయించుకుని దాని ఆధారంగా మందు వాడటం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను.

రిపోర్టులో సాధారణంగా మూడు నాలుగు పేర్లు కనిపిస్తాయి. సీరం ఐరన్ అంటే ఆ సమయానికి ట్రాన్స్‌ఫెరిన్ మోస్తున్న ఇనుము. యూఐబీసీ అంటే ఇంకా ఖాళీగా ఉన్న చోటు. ఈ రెండూ కలిపితే టీఐబీసీ వస్తుంది. కొన్ని ల్యాబులు టీఐబీసీకి బదులు ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీన్‌నే నేరుగా కొలుస్తాయి. రెండూ చెప్పే విషయం ఒకటే. పెద్దవారిలో సీరం ఐరన్ డెసిలీటరుకు సుమారు 60 నుంచి 170 మైక్రోగ్రాములు, టీఐబీసీ 240 నుంచి 450 మైక్రోగ్రాములు ఉండటం మామూలు. ఈ హద్దులు ల్యాబును బట్టి కొంత మారతాయి కాబట్టి మీ రిపోర్టు మీద అచ్చువేసిన హద్దులనే ప్రమాణంగా తీసుకోవాలి. అంకెలు లీటరుకు మైక్రోమోల్‌లలో ఇచ్చి ఉంటే 5.6తో గుణిస్తే డెసిలీటరుకు మైక్రోగ్రాములు వస్తాయి.

మొదట చూడవలసినది ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్, అంటే ఉన్న చోటులో ఎంత శాతం నిండిందన్నది. రిపోర్టులో అది లేకపోతే సీరం ఐరన్‌ను టీఐబీసీతో భాగించి 100తో గుణించండి. పెద్దవారిలో 20 నుంచి 45 శాతం మధ్య ఉంటే సాధారణంగా సరిపోయినట్టే. ఇద్దరికీ సీరం ఐరన్ 40 వచ్చిందనుకుందాం. ఒకరి టీఐబీసీ 460, మరొకరిది 210. మొదటివారి సాచురేషన్ 9 శాతం లోపు, రెండోవారిది 19 శాతం. సీరం ఐరన్ ఒకటే అయినా, ఇద్దరి శరీరాల్లో జరుగుతున్నది పూర్తిగా వేరు.

మొదటివారిలో నిల్వలు అడుగంటాయి. నిల్వలు తగ్గేకొద్దీ కాలేయం ట్రాన్స్‌ఫెరిన్‌ను మరింతగా తయారుచేస్తుంది. దొరికే ప్రతి ఇనుము పరమాణువునూ పట్టుకోవడానికి శరీరం చేసే ప్రయత్నం అది. చోటు పెరిగింది, నింపే సరుకు లేదు. అందుకే ఐరన్ తక్కువ, టీఐబీసీ ఎక్కువ అనే జత ఇనుము లోపానికి పాత గుర్తు. సాచురేషన్ 16 శాతం కంటే తగ్గితే మజ్జకు హిమోగ్లోబిన్ తయారీకి చాలినంత ఇనుము అందడం లేదని భావిస్తారు. దీనితోపాటు శరీరంలోని ఇనుము నిల్వలను సూచించే ఫెరిటిన్ అనే ప్రోటీన్ కూడా తక్కువగా ఉంటే లోపం దాదాపు ఖాయం.

రెండోవారి సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. దీర్ఘకాలిక ఇన్‌ఫెక్షన్, కీళ్లవాతం, మూత్రపిండాల జబ్బు, క్యాన్సర్ వంటివి ఉన్నప్పుడు నిల్వల్లో ఇనుము ఉన్నా అది బయటికి రాదు. శరీరంలో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను అధికంగా విడుదల చేస్తుంది. కణాల నుంచి ఇనుము రక్తంలోకి వచ్చే దారిని అది మూసివేస్తుంది. అదే సమయంలో ట్రాన్స్‌ఫెరిన్ తయారీ కూడా తగ్గుతుంది. ఫలితంగా ఐరన్ తక్కువ, టీఐబీసీ తక్కువ లేదా మామూలు, ఫెరిటిన్ మామూలు లేదా ఎక్కువ. ఇలాంటివారు సీరం ఐరన్ మాత్రమే చూసుకుని నెలల తరబడి మాత్రలు మింగినా అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. ఈ రెండు స్థితులూ ఒకే మనిషిలో కలిసి ఉండటమూ అరుదు కాదు. ఫెరిటిన్ వాపు వల్ల పైకి వెళుతుంది కాబట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి ఫెరిటిన్ లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే లోపమని, ఇన్‌ఫెక్షన్ లేదా వాపు ఉన్నవారికి 70 కంటే తక్కువైనా లోపమేనని చెప్పింది. వాపు ఉందో లేదో తెలియకపోతే సీఆర్‌పీ పరీక్ష కూడా చేయించమంటారా అని డాక్టరును అడగండి.

దీనికి భిన్నంగా ఐరన్ 190, టీఐబీసీ 260 వచ్చిందనుకోండి. సాచురేషన్ 73 శాతం. పరగడుపున ఇచ్చిన రక్తంలో మళ్లీ చూసినా 45 శాతం దాటితే శరీరంలో ఇనుము పేరుకుపోతోందేమోనని వెతకాలి. ఇనుమును పనిగట్టుకుని బయటికి పంపే మార్గం శరీరానికి లేదు. ఎక్కువైనది కాలేయంలోనూ గుండెలోనూ చేరి వాటిని దెబ్బతీస్తుంది. వంశపారంపర్యంగా వచ్చే హీమోక్రొమటోసిస్‌లోనూ, పదేపదే రక్తం ఎక్కించుకోవలసిన జబ్బుల్లోనూ ఇది కనిపిస్తుంది. కాలేయ జబ్బులు కూడా సాచురేషన్‌ను పెంచగలవు.

ఇనుముతో సంబంధం లేకుండానే టీఐబీసీ మారే సందర్భాలూ ఉన్నాయి. గర్భంతో ఉన్నప్పుడు, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు అది పెరుగుతుంది. పోషకాహార లోపంలోనూ, కాలేయం బాగా దెబ్బతిన్నప్పుడూ, మూత్రంలో ప్రోటీన్ పోయే జబ్బుల్లోనూ తగ్గుతుంది. ఇవేవైనా మీకు వర్తిస్తే రక్తం ఇచ్చేటప్పుడే చెప్పడం మంచిది.

రక్తం ఇచ్చే ముందు తీసుకునే జాగ్రత్తలే చాలా సందేహాలను తప్పిస్తాయి. సీరం ఐరన్ రోజులో గంటగంటకూ మారుతుంది, తిన్న తర్వాతా మారుతుంది. కనుక ఉదయం పరగడుపున ఇవ్వడం మేలు. ఐరన్ మాత్ర వేసుకున్న కొన్ని గంటలకే రక్తం తీస్తే అంకె లేనిపోని ఎత్తుకు పోతుంది, కాబట్టి డాక్టరు ఒప్పుకుంటే కనీసం 24 గంటల ముందు నుంచి మాత్ర ఆపాలి. ఐరన్ ఇంజెక్షన్ గానీ రక్తం గానీ ఈమధ్య ఎక్కించి ఉంటే ఎన్ని రోజులు ఆగాలో అడిగి తెలుసుకోండి. జ్వరంతో ఉన్న వారంలో చేయించిన పరీక్షను నమ్ముకోవద్దు. శాంపిల్‌లో రక్తకణాలు పగిలాయని ల్యాబు రాసి ఉంటే మళ్లీ ఇవ్వడమే ఉత్తమం.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ రిపోర్టుతోపాటు హిమోగ్లోబిన్, ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం) ఉన్న రక్తపరీక్ష కూడా తీసుకెళ్లండి. ఎంసీవీ తక్కువగా ఉండి ఐరన్, టీఐబీసీ, ఫెరిటిన్ మామూలుగా ఉంటే తలసీమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే, హిమోగ్లోబిన్ తయారీలోని స్వల్ప లోపం) కావచ్చు. దానికి ఐరన్ మాత్రలు పనికిరావు. లోపం తేలితే, ముఖ్యంగా పురుషులలోనూ ముట్లు ఆగిన స్త్రీలలోనూ, ఇనుము ఎక్కడ పోతోందన్న ప్రశ్నకు జవాబు దొరికే వరకు ఊరుకోకూడదు. కడుపులోనో పేగుల్లోనో కొద్దికొద్దిగా రక్తం కారుతూ బయటికి తెలియకుండా ఉండవచ్చు. మాత్రలు మొదలుపెట్టాక సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ చూస్తారు. అది మామూలు స్థాయికి వచ్చినా, నిల్వలు నిండటానికి మరో మూడు నెలలపాటు కొనసాగించమనడం పరిపాటి.