పాత ఔట్‌బోర్డ్ ఇంజిన్ స్లోలో నిలవడం లేదా? స్క్రూ తిప్పే ముందు ఇవి చూడండి

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు ఒడ్డున ఉన్న ఔట్‌బోర్డ్‌ను, అంటే పడవ వెనక తగిలించే ఇంజిన్‌ను, మళ్లీ నీళ్లలోకి దింపగానే చాలామంది చెప్పేది ఒకటే: "స్టార్ట్ అవుతోంది, రైజ్ చేస్తే బాగానే లాగుతోంది, వదిలేస్తే ఆగిపోతోంది."

వెంటనే చెయ్యి స్లో స్పీడు పెంచే, తగ్గించే ఐడిల్ స్క్రూ మీదకి పోతుంది. మా 15 హార్స్‌పవర్ రెండు సిలిండర్ల ఇంజిన్‌కి నేనూ అదే చేశాను. స్క్రూ బిగించి స్పీడ్ పెంచాక ఆగడం మానేసింది, కానీ గేర్ వేసిన ప్రతిసారీ కింద ధన్‌మని కొట్టేది. ఒక సీజన్ అలా నడిపాక గేర్ పట్టుకునే క్లచ్ అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. అసలు జబ్బు పెట్రోల్, గాలి కలిపే కార్బొరేటర్‌లో అలాగే ఉంది. అందుకే చెబుతున్నాను, స్క్రూను ఆఖరికి వదిలేయండి. మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటేటప్పుడు, వెనక నుంచి అల వస్తుండగా ఇంజిన్ ఆగితే పడవ అడ్డం తిరుగుతుంది. ఇది ప్రాణాలతో పని.

ఇక్కడ చెప్పేవన్నీ కార్బొరేటర్ ఉన్న పాత టూ స్ట్రోక్ ఇంజిన్లకు. పరీక్షలు చేసేటప్పుడు ఇంజిన్ కాలు నీళ్లలో మునిగి ఉండాలి, డ్రమ్ములోనైనా సరే. నీళ్లు లేకుండా తిప్పితే వాటర్ పంపులోని రబ్బరు ఇంపెల్లర్ చూస్తుండగానే పాడైపోతుంది.

ముందు రెండు నిమిషాల పరీక్ష

ఇంజిన్ ఆగబోతున్నట్టు అనిపించగానే పెట్రోల్ పైపు మీదున్న రబ్బరు బల్బు నొక్కండి. కోలుకుందంటే పెట్రోల్ సరిగ్గా అందడం లేదని అర్థం. బల్బుతో తేడా లేకపోతే చోక్ సగం లాగండి. చోక్‌తో నిలదొక్కుకుంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అవుతోంది. చోక్ లాగగానే ఇంకా పొగ కక్కి ఆగిపోతే పెట్రోల్ ఎక్కువవుతోంది, లేదా ప్లగ్గు కాల్చడం లేదు. ఏ దారిలో వెతకాలో ఈ రెండూ చెప్పేస్తాయి.

బల్బు నొక్కితే బతుకుతోంది

ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచారా? తరవాత పైపు. పాత రబ్బరు పైపుల్ని ఇథనాల్ లోపలి నుంచి మెత్తబరుస్తుంది, పొరలు ఊడి దారికి అడ్డం పడతాయి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది కాబట్టి పాత పైపుని నమ్మకండి, మార్చేయండి. బల్బు మీది బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి. నాలుగైదుసార్లు నొక్కితే బల్బు గట్టిపడాలి. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది. ఇంజిన్‌కి తగిలించే కనెక్టర్‌లోని రబ్బరు రింగు ముందు చూడండి. ఇవన్నీ బాగుంటే ఫ్యూయల్ పంపులోని పల్చటి డయాఫ్రమ్ గట్టిపడి ఉంటుంది. మార్చాల్సిందే.

చోక్ లాగితే నిలుస్తోంది

రెండు నెలలు ఆగిన ఇంజిన్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి, ఆ అడుగు పొరలో టూ స్ట్రోక్ ఆయిల్ ఉండదు. ఇంజిన్ ముందుగా తాగేది దాన్నే. కొంత పెట్రోల్ గాజు సీసాలోకి తీసి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున విడిగా పొర కనిపిస్తే ఆ పెట్రోల్ ఇంజిన్‌కి పనికిరాదు. కొత్త పెట్రోల్‌లో మాన్యువల్ చెప్పిన కొలతకే ఆయిల్ కలపండి. చాలా ఇంజిన్లకు 50కి 1, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు.

ఇక స్లో జెట్. రైజ్ చేసినప్పుడు పెట్రోల్ పెద్ద జెట్ నుంచి వస్తుంది కాబట్టి ఇంజిన్ బాగానే లాగుతుంది. వదిలేశాక బతికేది వెంట్రుకంత సన్నటి స్లో జెట్ మీదే. కార్బొరేటర్ కింది గిన్నె విప్పితే మా దానిలో తెల్లటి పొడి, అంచుల్లో పచ్చటి జిగురు. స్లో జెట్ తీసి ఎండకి ఎదురుగా పట్టుకుని చూశాను. వెలుతురు చుక్క కూడా రాలేదు. రాత్రంతా కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, తెల్లారి వల నైలాన్ దారంలోంచి ఒక్క పోగు తీసి మెల్లగా పోనిచ్చాను. ఈసారి సూది మొనంత వెలుతురు, గుండ్రంగా కనిపించింది. ఇనప తీగ పెట్టకండి, ఇత్తడి గీసుకుపోయి రంధ్రం పెద్దదవుతుంది. రెండు కార్బొరేటర్లు ఉంటే రెండూ విప్పాలి, ఒకటి చేసి ఆపొద్దు. స్లోలో పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ తీసే ముందు అది పూర్తిగా లోపలికి పోవడానికి ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి రాసుకోండి.

జెట్ శుభ్రంగా ఉన్నా ఇదే తంతు అయితే, కార్బొరేటర్ వెనక గాస్కెట్ దగ్గర సబ్బునీళ్లు చిమ్మండి. ఇంజిన్ శబ్దం మారితే గాలి అక్కడి నుంచే లాగుతోంది.

స్లోలో ఒణుకు, గేర్ వేయగానే ఆగిపోవడం

ఒక సిలిండర్ పనిచేయడం లేదేమో. రెండు ప్లగ్గులూ విప్పి పక్కపక్కన పెట్టండి. ఒకటి కాఫీ రంగులో పొడిగా, రెండోది నల్లగా తడిసి ఉంటే దొంగ దొరికినట్టే. ప్లగ్గులు అటుదిటు మార్చండి. జబ్బు ప్లగ్గుతోపాటు వెళితే కొత్త ప్లగ్గు చాలు. వెళ్లకపోతే కాయిల్, వైరు, ఎర్త్ చూడాలి. ఉప్పుగాలికి ఎర్త్ బోల్టు కింద పచ్చటి తుప్పు పడుతుంది. గీకి, బిగించి, గ్రీజు రాయండి. స్పార్క్ చూసేటప్పుడు ప్లగ్గును ఇంజిన్ బాడీకి గట్టిగా ఆనించండి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా. వైరు గాలిలో వదిలి తాడు లాగితే సీడీఐ, అంటే స్పార్క్ ఇప్పించే ఎలక్ట్రానిక్ పెట్టె, పోవచ్చు.

గేర్‌లో మాత్రమే ఆగుతుంటే ఇంజిన్ ఆపి ఫ్యాను (ప్రొపెల్లర్) వెనక చూడండి. అక్కడ చుట్టుకున్న వల దారం కూడా ఇంజిన్‌ను ఆపుతుంది, పైగా సీలును కోస్తుంది.

ఇంకొన్ని

కార్బొరేటర్ మూతి నుంచి పెట్రోల్ వెనక్కి చిమ్ముతుంటే రీడ్ వాల్వ్ రేకు విరిగి ఉంటుంది. ఎంతసేపు నడిపినా ఇంజిన్ వేడెక్కకపోతే, చల్లబరిచే నీళ్లను అదుపుచేసే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది. చల్లటి ఇంజిన్ స్లోలో సరిగ్గా కాలదు. రెండు సిలిండర్ల కంప్రెషన్‌లో 10 శాతానికి మించి తేడా ఉన్నా, క్రాంక్ సీల్ లీకైనా మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లండి.

ఇప్పుడు స్క్రూ

పడవను గట్టి తాడుతో రేవుకి కట్టి, ఇంజిన్ పది నిమిషాలు వేడెక్కాక, ముందుకి గేర్ వేసి సెట్ చేయండి. డ్రమ్ములో బాగున్నది ఏట్లో బాగుండకపోవచ్చు. మిక్స్చర్ స్క్రూ ఏ వైపు తిప్పితే పెట్రోల్ పెరుగుతుందో మోడల్‌ని బట్టి మారుతుంది. మీరు రాసుకున్న చుట్ల దగ్గర మొదలుపెట్టి, ఒక్కోసారి చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి పావు నిమిషం ఆగి వినండి. ఒక్కసారిగా రైజ్ చేస్తే తుమ్మినట్టు ఆగిపోతోందంటే పెట్రోల్ ఇంకొంచెం కావాలి. అది కుదిరాకే ఐడిల్ స్క్రూతో మాన్యువల్ చెప్పిన స్పీడుకి తీసుకురండి.

వచ్చే ఏప్రిల్‌లో ఇంజిన్ ఒడ్డుకి ఎక్కించే రోజు, మంచినీళ్ల డ్రమ్ములో నడుపుతూ పెట్రోల్ పైపు పీకేసి, దానంతట అదే ఆగేదాకా వదిలేయండి. తరవాత కార్బొరేటర్ గిన్నెలో మిగిలింది కూడా తీసేయండి.